ఆపరేషన్ తర్వాత పిల్లలకు వాంతులు తగ్గించడం: ముందు రోజు నుంచి ఇంటికి వచ్చేదాకా తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

టాన్సిల్స్ ఆపరేషన్ అయిన ఐదేళ్ల పిల్లవాడు మత్తు వదిలాక వరుసగా మూడు నాలుగు సార్లు వాంతి చేసుకుంటే, గొంతు నొప్పి కన్నా ఆ వాంతులే వాడికీ, మంచం పక్కన గిన్నె పట్టుకుని కూర్చున్న తల్లికీ ఎక్కువ కాలం గుర్తుండిపోతాయి. అది ఇబ్బందితో పోయే విషయం మాత్రమే కాదు. డోకుల బలానికి కుట్ల మీద, గాయం మీద ఒత్తిడి పడుతుంది. అప్పటికే పరగడుపున ఉన్న చిన్న శరీరంలో నీరు, లవణాలు ఇంకా తగ్గిపోతాయి. నోటి ద్వారా ఇవ్వాల్సిన నొప్పి మందు కడుపులో నిలవదు. సాయంత్రానికి ఇంటికి పంపాల్సిన బిడ్డను ఆ రాత్రి వార్డులోనే ఉంచాల్సి వస్తుంది. పెద్దవారితో పోలిస్తే పిల్లల్లో ఈ వాంతులు దాదాపు రెట్టింపు.

"మత్తు ఇచ్చాక వాంతులు మామూలేనండి" అన్న మాట ఆసుపత్రుల్లో తరచుగా వినిపిస్తుంది. తరచుగా వస్తాయన్నంత వరకు అది నిజమే. ఆపలేమన్న అర్థంలో అయితే నిజం కాదు. ఏ బిడ్డకు వాంతులు వచ్చే అవకాశం ఎక్కువో ముందే అంచనా వేయవచ్చు, ఆ అంచనాను బట్టి మత్తు ఇచ్చే పద్ధతిని మార్చవచ్చు, నివారణ మందులు ఇవ్వవచ్చు. మందుల భాగం మత్తు డాక్టర్‌ది. అయితే ఆ డాక్టర్‌కు కావలసిన సమాచారం ఉండేది ఇంట్లో, ఆపరేషన్ తర్వాత గ్లాసు పట్టుకునే చెయ్యి కూడా ఇంటివారిదే. అందుకే ఇక్కడ ఆ రెండింటి గురించి ఎక్కువగా చెబుతున్నాను.

వాంతి ఎక్కడి నుంచి పుడుతుంది

మెదడు కింది భాగమైన మెడుల్లాలో వాంతిని నడిపించే నాడీ వ్యవస్థ ఉంటుంది. దానికి అనేక వైపుల నుంచి సంకేతాలు అందుతాయి. రక్తంలో తిరిగే మత్తు వాయువులను, మార్ఫిన్ వంటి మందులను ఏరియా పోస్ట్రీమా అనే చిన్న చోటు పసిగడుతుంది. కడుపులో రక్తం చేరినా, పేగులను కదిలించినా, కడుపును మెదడుతో కలిపే వేగస్ నాడి కబురు పంపుతుంది. తల తిరుగుడును లోపలి చెవి తెలియజేస్తుంది. భయం, నొప్పి, వాసనలు పై మెదడు నుంచి దిగివస్తాయి. టాన్సిల్స్ తీసినప్పుడు బిడ్డ మింగిన రక్తం కడుపును కెలుకుతుంది. మెల్లకన్ను సరిచేసేటప్పుడు కంటి కండరాలను లాగడమే వాంతిని రేపుతుంది. చెవికి సంబంధించిన ఆపరేషన్లలో సమతుల్యతను చూసే అవయవం కదిలిపోతుంది. ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం లోపలి చెవిలో అమర్చే పరికరం) చేయించిన కుటుంబాలలో చాలామందికి ఇది అనుభవంలోకి వచ్చే ఉంటుంది. ఈ సంకేతాలను మోసే రసాయనాలు సెరటోనిన్, డోపమిన్, హిస్టమిన్ వంటివి ఒకదానికొకటి వేరు కనుక, ఒకే మందు అన్ని దారులనూ మూయలేదు. రెండు రకాల మందులు కలిపి ఇవ్వడానికి కారణం ఇదే.

మొదటి మెట్టు: మీ బిడ్డకు ప్రమాదం ఎంతో లెక్కించండి

2004లో జర్మనీ వైద్యులు పిల్లల కోసం ఒక సులువైన లెక్కను ప్రచురించారు. అందులో నాలుగే ప్రశ్నలున్నాయి. బిడ్డ వయసు మూడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువా? ఆపరేషన్ అరగంట లేదా అంతకు మించి సాగుతుందా? అది మెల్లకన్ను ఆపరేషనా? బిడ్డకు గానీ, అమ్మానాన్నలకు గానీ, తోడబుట్టినవారికి గానీ గతంలో ఆపరేషన్ తర్వాత వాంతులు అయ్యాయా? ఈ నాలుగింటిలో ఒక్కటీ లేకపోయినా, ఒక్కటే ఉన్నా వాంతి అయ్యే అవకాశం సుమారు 10 శాతం. రెండు ఉంటే 30 శాతం, మూడు ఉంటే 55 శాతం, నాలుగూ ఉంటే 70 శాతం. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు వెళ్లేసరికి అంకె ఎంతగా ఎగబాకుతోందో గమనించండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆరేళ్ల అమ్మాయికి మెల్లకన్ను ఆపరేషన్, ముప్పావు గంట పడుతుందని చెప్పారు. వయసుకు ఒకటి, సమయానికి ఒకటి, ఆపరేషన్ రకానికి ఒకటి, మొత్తం మూడు. తల్లికి పిత్తాశయం ఆపరేషన్ తర్వాత రోజంతా వాంతులు అయిన సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అది కూడా కలిపితే నాలుగు. ఆ ఒక్క మాటతో అమ్మాయి అత్యధిక ప్రమాదపు వరుసలోకి వెళుతుంది.

2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ జాబితాను పెంచాయి. ప్రయాణంలో వాంతులు కావడం, యుక్తవయసుకు వచ్చిన ఆడపిల్ల కావడం, టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనుక ఉండే గడ్డలు) ఆపరేషన్, బయటి చెవి ఆకారాన్ని సరిచేసే ఆపరేషన్, పీల్చే మత్తు వాయువులు, ఆపరేషన్ తర్వాత ఎక్కువసేపు పనిచేసే మార్ఫిన్ తరహా మందులు కూడా అందులో చేరాయి. మూడేళ్ల లోపు పిల్లల్లో వాంతులు తక్కువ. ఆ తర్వాత యుక్తవయసు దాకా పెరుగుతూ పోతాయి.

రెండో మెట్టు: మత్తు పరీక్షలో ఈ సంగతులు తప్పక చెప్పండి

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ బిడ్డను చూసే ఆ కొద్ది నిమిషాలను నేను అన్నిటికన్నా విలువైనవిగా భావిస్తాను. రద్దీగా ఉండే ఆసుపత్రిలో ఆ సమయం అయిదు నిమిషాలకు మించకపోవచ్చు. అందుచేత చెప్పాల్సినవి ముందు రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కాగితం పట్టుకెళ్లడానికి మొహమాటపడకండి. అది డాక్టర్‌కు సాయమే.

బిడ్డకు ఇంతకు ముందు మత్తు ఇచ్చారా, ఇస్తే వాంతులు అయ్యాయా, ఏ మందుతో తగ్గాయి అన్నది మొదట రాయండి. తర్వాత అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల అనుభవాలు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో, అరకు వెళ్లే మలుపుల్లోనో బిడ్డ వాంతి చేసుకుంటాడా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మత్తు డాక్టర్‌కు అది పనికొచ్చే ఆధారం.

మరికొన్ని విషయాలు మందుల ఎంపికకు సంబంధించినవి. పుట్టుకతో వచ్చే గుండె లయ జబ్బు ఉన్నా, బిడ్డ పరుగెత్తుతూ ఉన్నట్టుండి స్పృహ తప్పినా, కుటుంబంలో చిన్న వయసులో కారణం తెలియని ఆకస్మిక మరణం జరిగినా తప్పక చెప్పాలి, ఎందుకంటే వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్ కొందరిలో గుండె విద్యుత్ లయను మార్చగలదు. మధుమేహం ఉంటే చెప్పాలి, ఎందుకంటే వాంతుల నివారణకు ఇచ్చే మరో మందు డెక్సామెథసోన్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. మెడలో గడ్డలు, వారాల తరబడి జ్వరం, బరువు తగ్గడం, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు ఉన్నా దాచవద్దు. రక్త క్యాన్సర్ అనుమానం ఉన్న బిడ్డకు డెక్సామెథసోన్ ఒక్క మోతాదు ఇచ్చినా, క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలి ప్రాణం మీదికి రావచ్చు. రోగ నిర్ధారణ కూడా చెదిరిపోతుంది. ఇది అరుదు, అయినా ఒక్క మాటతో తప్పించగల ప్రమాదం.

ఆ తర్వాత మీరు అడగాల్సినది ఒకే ప్రశ్న: "మా బిడ్డకు వాంతులు వచ్చే అవకాశం ఎంతండీ, రాకుండా ఏమేం ఇస్తున్నారు?" మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు.

మూడో మెట్టు: పరగడుపు నియమాన్ని సరిగ్గా పాటించండి

పరగడుపు నియమం అసలు ఉద్దేశం ఆపరేషన్ తర్వాతి వాంతులను ఆపడం కాదు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూడడం దాని పని. అందువల్ల నియమాన్ని తగ్గించడానికి వీల్లేదు. అయితే మన ఇళ్లలో జరిగే పొరపాటు తరచుగా రెండో వైపు ఉంటుంది. ఉదయం పదకొండుకు ఆపరేషన్ అంటే, ముందు రాత్రి ఎనిమిది నుంచి బిడ్డకు చుక్క నీరు ఇవ్వరు. పదిహేను గంటలు ఎండిపోయిన బిడ్డ నీరసపడి, ఏడ్చి ఏడ్చి, నీరు తగ్గిన శరీరంతో మత్తులోకి వెళుతుంది.

చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఘనాహారానికి, పాలకు ఆరు గంటలు, తల్లిపాలకు నాలుగు గంటలు, తేట ద్రవాలకు రెండు గంటలు విరామం ఉండాలి. వేపుళ్లు, నూనె ఎక్కువున్న భోజనం అయితే ఎనిమిది గంటలు. యూరప్ నిపుణుల 2022 మార్గదర్శకాలు పిల్లలకు తేట ద్రవాలను ఒక గంట ముందు వరకు అనుమతించాయి. మీ ఆసుపత్రి ఏ లెక్క పాటిస్తుందో అడిగి, గడియారం సమయంతో సహా రాయించుకోండి. "పొద్దున్నుంచి ఏమీ పెట్టకండి" అన్నది సరిపోదు. "ఎనిమిదిన్నర వరకు నీళ్లు తాగించవచ్చు" అన్న రూపంలో జవాబు రావాలి.

తేట ద్రవమంటే మంచినీళ్లు, చక్కెర నీళ్లు, మీగడ లేని తేట కొబ్బరి నీళ్లు, గుజ్జు లేని ఆపిల్ రసం. పలుచగా ఉన్నంత మాత్రాన మజ్జిగ, రాగి జావ, గంజి, పాలు కలిపిన టీ తేట ద్రవాలు కావు. ఆపరేషన్ వాయిదా పడి సమయం వెనక్కి జరిగితే, మళ్లీ నీళ్లు ఇవ్వవచ్చా అని నర్సును అడగండి.

ఒక విన్నపం. బిడ్డ ఏడుస్తోందని అమ్మమ్మో తాతయ్యో చాటుగా బిస్కెట్ పెట్టి ఉంటే, తిట్టు పడుతుందన్న భయంతో దాచకండి. ఆపరేషన్ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే. దాస్తే బిడ్డ ఊపిరికే ముప్పు.

నాలుగో మెట్టు: ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇక్కడ మీరు చేయాల్సింది లేదు. కానీ తెలిసి ఉంటే మత్తు డాక్టర్ చెప్పే జవాబు అర్థమవుతుంది. కింద చెప్పే మోతాదులు డాక్టర్ల లెక్కలే తప్ప, ఇంట్లో కొలిచి ఇవ్వడానికి కావు.

ప్రమాదం తక్కువగా ఉన్న బిడ్డకు ఏ నివారణ మందూ ఇవ్వకపోవచ్చు, లేదా ఒకటి ఇవ్వవచ్చు. ఒక మాదిరి ప్రమాదం, అంటే ఒకటి రెండు కారణాలు ఉన్న బిడ్డకు రెండు మందులు కలిపి ఇవ్వాలని 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకటి ఆన్‌డాన్‌సెట్రాన్, కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము చొప్పున, 4 మిల్లీగ్రాములు మించకుండా, సాధారణంగా ఆపరేషన్ ముగింపు దగ్గర. రెండోది డెక్సామెథసోన్, కిలోకు 0.15 మిల్లీగ్రాము చొప్పున, 5 మిల్లీగ్రాములు మించకుండా, మత్తు ఎక్కిన వెంటనే, ఎందుకంటే దాని పని మొదలు కావడానికి సమయం పడుతుంది. విడివిడిగా ఒక్కొక్కటీ వాంతులను సుమారు సగానికి తగ్గిస్తుంది, కలిపితే ఇంకా బాగా తగ్గిస్తాయి. డెక్సామెథసోన్ టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత గొంతు నొప్పిని కూడా తగ్గిస్తుంది. ఈ రెండూ భారత దేశపు అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న చవకైన మందులు. జిల్లా ఆసుపత్రిలోనూ దొరకవలసినవే. ఖరీదైన ఆసుపత్రికే పరిమితమైన సౌకర్యం అనుకోవద్దు.

మూడు, అంతకన్నా ఎక్కువ కారణాలున్న బిడ్డకు మత్తు ఇచ్చే దారినే మార్చే ఆలోచన చేస్తారు. పీల్చే వాయువుకు బదులు ప్రొపోఫోల్ అనే మందును నరం ద్వారా ఆపకుండా ఎక్కిస్తూ మత్తు నిలుపుతారు. మత్తు వాయువు వాంతిని రేపే గుణం కలది, ప్రొపోఫోల్ దాన్ని అణిచే గుణం కలది. దీనికీ ఒక మెలిక ఉంది: మెల్లకన్ను ఆపరేషన్లో కంటి కండరాన్ని లాగినప్పుడు గుండె వేగం పడిపోయే ధోరణి ఈ పద్ధతిలో కాస్త ఎక్కువ, కాబట్టి డాక్టర్ రెండు వైపులా తూచి నిర్ణయిస్తారు.

నొప్పిని అణిచే తీరు కూడా వాంతులను నిర్ణయిస్తుంది. హెర్నియా, సున్తీ వంటి నాభి కింది ఆపరేషన్లలో నడుము చివరన ఇచ్చే కాడల్ ఇంజెక్షన్ గానీ, ఆ చోటుకే పరిమితమైన తిమ్మిరి ఇంజెక్షన్ గానీ ఇస్తే మార్ఫిన్ అవసరం బాగా తగ్గుతుంది. దానికి తోడు పారాసిటమాల్ ఉంటే చాలామంది పిల్లలకు అది సరిపోతుంది. నొప్పిని పూర్తిగా వదిలేయడం మాత్రం పరిష్కారం కాదు. తట్టుకోలేని నొప్పి కూడా వాంతి తెప్పిస్తుంది. ఆపరేషన్ సమయంలో సెలైన్ కొంచెం ధారాళంగా ఎక్కించడం కూడా పిల్లల్లో వాంతులను తగ్గించినట్టు అధ్యయనాలు చూపాయి.

అయిదో మెట్టు: మత్తు వదిలాక మొదటి కొన్ని గంటలు

ఈ ఘట్టంలో ఇంటివారు చేసే ప్రేమ నిండిన పొరపాటు ఒకటుంది. కళ్లు తెరవగానే "నాన్నా, ఒక్క గుక్క తాగు" అని బతిమాలి తాగిస్తారు. కొన్ని వార్డుల్లో, తాగి నిలుపుకున్నాకే డిశ్చార్జ్ అన్న నియమం దీన్ని ఇంకా పెంచుతుంది. 1992లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వైద్యులు దీన్ని పరీక్షించారు. ఇంటికి వెళ్లేముందు తప్పనిసరిగా తాగించిన పిల్లల్లో వాంతులు ఎక్కువయ్యాయి, వారు ఆసుపత్రిలో ఎక్కువసేపు ఉండాల్సి వచ్చింది. అడిగినప్పుడే ఇచ్చిన పిల్లలు నష్టపోలేదు. సెలైన్ ద్వారా నీరు అందిన బిడ్డ కొన్ని గంటలు తాగకపోయినా ఎండిపోదు. బిడ్డ అడిగేదాకా ఆగండి. అడిగితే కాదనకండి, ఒక్కసారిగా గ్లాసు నింపి ఇవ్వకండి. పాలు తాగే పసిబిడ్డ ఆకలితో వెతుక్కుంటే, డాక్టర్ అనుమతితో తల్లిపాలు కొద్దికొద్దిగా పట్టవచ్చు.

బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కొంచెం ఎత్తులో ఉండనివ్వండి. చంకలోకి ఎత్తుకుని ఊపడం, బంధువులందరికీ చూపించడానికి అటూ ఇటూ తిప్పడం, వెంటనే లేపి కూర్చోబెట్టడం వద్దు. కదలికే చాలామందిలో మొదటి వాంతికి కారణం. గదిలో అగరబత్తి, సెంటు, వేడి భోజనం వాసనలు లేకుండా చూడండి.

మణికట్టు దగ్గర నొక్కే పద్ధతి ఒకటుంది. అరచేయి పైకి పెట్టి, మణికట్టు గీత నుంచి బిడ్డ వేళ్లతో మూడు వేళ్ల వెడల్పు మోచేయి వైపు కొలిచి, అక్కడ రెండు నరాల్లా గట్టిగా తగిలే స్నాయువుల మధ్య బొటనవేలితో మెత్తగా కొన్ని నిమిషాలు నొక్కాలి. దీని మీద జరిగిన పరిశోధనల్లో ఫలితం కనిపించింది, హాని లేదు. మందుకు ప్రత్యామ్నాయంగా కాకుండా, తోడుగా చేయండి.

వాంతి అయితే బిడ్డను పక్కకు తిప్పి, నోరు తుడిచి, నర్సును పిలవండి. వాంతి రంగు, పరిమాణం గమనించి చెప్పండి. సాధారణంగా ఆరు గంటల లోపు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చి ఉంటే అదే మళ్లీ ఇవ్వడంలో ప్రయోజనం తక్కువ. వేరే తరగతి మందు ఇవ్వాలి. రెండేళ్ల లోపు బిడ్డకు ప్రోమెథజైన్ అనే వాంతుల మందు ఇవ్వకూడదు, అది ఊపిరిని అణిచివేయగలదు. మెటోక్లోప్రమైడ్ అనే మరో వాంతుల మందు పిల్లల్లో మెడ, నాలుక, కళ్లు మెలి తిరిగేలా చేయగలదు. అలా కనిపిస్తే భయపడకుండా వెంటనే చెప్పండి, దానికి విరుగుడు ఉంది.

ఆరో మెట్టు: ఇంటి ప్రయాణం, మొదటి రోజు

ఆసుపత్రిలో ఒక్క వాంతి కూడా కాని బిడ్డ దారిలో చేసుకోవడం చాలా సహజం. ఒక సంచి, తువ్వాలు, మార్చే బట్టలు చేతికి అందేలా పెట్టుకోండి. బిడ్డను వాహనంలో ముందుకు చూసేలా కూర్చోబెట్టండి, ఫోన్ చూడనివ్వకండి, కిటికీ గాలి తగలనివ్వండి.

ఇంట్లో వాంతి అయితే అరగంట ఏమీ ఇవ్వకుండా ఆగి, తర్వాత చెంచాతో మొదలుపెట్టండి. అయిదు నిమిషాలకు ఒక చెంచా చొప్పున నీళ్లు గానీ ఓఆర్ఎస్ గానీ ఇవ్వండి. లీటరు ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో మొత్తం పోస్తే లవణం ఎక్కువై బిడ్డకు హాని చేస్తుంది. గంట సేపు నిలిస్తే పరిమాణం పెంచండి, ఆ తర్వాత పలుచని జావ, ఇడ్లీ, మెత్తని పెరుగన్నం. టాన్సిల్స్ అయినవారికి చల్లగా ఇవ్వండి. తొలిరోజు కారం, నూనె, నెయ్యి ఎక్కువున్నవి వద్దు. "ఏమీ తినలేదే" అని ఇంట్లో పెద్దలు బాధపడతారు. ఆ ఒక్క రోజు తినకపోయినా ఫరవాలేదు, తాగడం, మూత్రం పోవడం ముఖ్యం.

నొప్పి మందు డాక్టర్ రాసిన వేళకు ఇవ్వండి, నొప్పి ముదిరేదాకా ఆగకండి. మందు వేసిన వెంటనే మొత్తం కక్కేస్తే, మళ్లీ ఇవ్వాలా అని ఫోన్ చేసి అడగండి. ఇంట్లో మిగిలిన పెద్దల మందులు ముట్టుకోవద్దు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు కోడీన్, ట్రమడాల్ అనే నొప్పి మందులు వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. కొందరు పిల్లల శరీరం వాటిని వేగంగా బలమైన మందుగా మార్చేసి, నిద్రలో ఊపిరి ఆగిపోయేలా చేస్తుంది. అలాగే మందుల దుకాణంలో అడిగి వాంతుల సిరప్ తెచ్చి పోయకండి. గుండె లయను మార్చే గుణం అలాంటి సిరప్‌లలో ఉండే డోంపెరిడోన్‌కూ ఉంది.

ఏ వాంతికి ఆగకూడదు

ఆకుపచ్చగా పైత్యరసంతో వచ్చే వాంతి, ముఖ్యంగా కడుపు ఉబ్బి ఉంటే, మత్తు వల్ల వచ్చిందని సరిపెట్టుకోకూడదు. పేగు అడ్డుపడి ఉండవచ్చు. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన మొదటి గంటల్లో కొంచెం ముదురు గోధుమ రంగు పాత రక్తం ఒకసారి రావచ్చు, కానీ ఎర్రని తాజా రక్తం ఎంత వచ్చినా అత్యవసరమే. వాంతి లేకుండానే నిద్రలో బిడ్డ పదేపదే గుటకలు మింగుతుంటే, వెలుతురు పెట్టి నోటిలోకి చూడండి. రక్తం లోపలికి కారుతూ ఉండవచ్చు. ఈ రక్తస్రావం వారం, పది రోజుల తర్వాత కూడా రావచ్చు. ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం, తలనొప్పితో కూడిన వాంతులు, ఒక రోజు దాటినా తగ్గని వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. తాజా రక్తం గానీ, మత్తు లాంటి నిద్ర గానీ ఉంటే ఫోన్ల కోసం ఆగకుండా 108ని పిలవండి.

చివరగా, డిశ్చార్జ్ కాగితంలో ఏ మత్తు ఇచ్చారు, ఏ వాంతుల మందు ఇచ్చారు, ఎన్నిసార్లు వాంతి అయింది అన్నవి రాయమని అడగండి, రాయకపోతే మీరే దాని వెనుక తేదీతో రాసి ఫోటో తీసి ఉంచుకోండి. ఈ బిడ్డకే కాదు, రేపు తమ్ముడికో చెల్లెలికో ఆపరేషన్ అవసరమైనప్పుడు మత్తు డాక్టర్ ముందు పెట్టాల్సిన మొదటి కాగితం అదే.